ఆయమ్మ ఎడమ చెయ్యి

నారాయణగూడలో మెట్రో స్తంభాల వెనక సందులో మార్తమ్మ గుడి అని పిలిచే చర్చి ఉంది. గుడి ఆవరణలోనే ఒక ప్రాథమిక పాఠశాల. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా ఏడు గదులు, ఒక వరండా, రెండు కుళాయిలు. ఆ బడిలో రాజకుమారి ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయమ్మ. పిల్లలకు ఆమె పేరు తెలియదు. పెద్దవాళ్లై, పెళ్లిళ్లై, తమ పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్లు కూడా గేటు దగ్గర ఆగి "ఆయమ్మా, గుర్తున్ననా?" అంటారు. ఆమె తల ఊపుతుంది. సగంమంది గుర్తుండరు.

ఆమె తండ్రి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. బడి పై అంతస్తు కట్టినప్పుడు ఇసుక జల్లించే పనికి కూతుర్ని వెంట తెచ్చుకున్నాడు. గోడలు లేచాక మేస్త్రీ ఇంకో పనికి వెళ్లిపోయాడు, కూతురు చీపురు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. తర్వాత పెళ్లి, ఒక కూతురు నవనీత. భర్త పోయి పన్నెండేళ్లు. ఇప్పుడు తల్లీకూతుళ్లు అశోక్‌నగర్‌లో ఒక మేడ వెనక రెండు గదుల్లో ఉంటారు. ముందు భాగమంతా పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్. పొద్దున ఆరున్నరకు రాజకుమారి బయటికి వచ్చేసరికి వాళ్లు మెట్ల మీద కూర్చుని బిగ్గరగా చదువుతుంటారు. ఆమె వాళ్ల పుస్తకాల మధ్య నుంచి చెప్పులు తీసుకుని, చిక్కడపల్లి గ్రంథాలయం మీదుగా నడుచుకుంటూ బడికి వెళ్తుంది.

ఏడింటికి గేటు తెరవాలి. ఏడు గదులు ఊడవాలి, నీళ్ల క్యాన్లు గదుల్లో పెట్టాలి, మరుగుదొడ్లు కడగాలి. ఎనిమిదింటికి పిల్లలు వస్తారు. అప్పటి నుంచి బూట్ల తాళ్లు, ముక్కులు, ఏడుపులు. వీటన్నిటితోపాటు ఆమెకు ఇంకో పని ఉంది. గుడికి వచ్చే కుటుంబాల పిల్లలకు సిలువ గుర్తు పెట్టడం నేర్పించడం.

ఇది ఆయమ్మ పని కాదు. ఆమె దగ్గరికి ఎలా వచ్చిందంటే, చేరిన మొదటి ఏడాది ఒక సిస్టర్ ఎల్‌కేజీ పిల్లల ముందు నిలబడి నేర్పిస్తోంది. సిస్టర్ కుడి చెయ్యి ఎత్తి నుదుటి మీద, గుండె మీద, ఎడమ భుజం మీద, తర్వాత కుడి భుజం మీద ఆనించేది. ఎదురుగా ఉన్న పిల్లలు ఎడమ చెయ్యి ఎత్తేవాళ్లు. సిస్టర్ ఆ చేతుల మీద స్కేలుతో చిన్నగా కొట్టి "కుడి, కుడి" అనేది. మరునాడు మళ్లీ ఎడమ చేతులే లేచేవి. వరండా ఊడుస్తున్న రాజకుమారి వారం రోజులు ఇది చూసింది. పిల్లలకు కుడీ ఎడమా తెలియక కాదు, వాళ్లు సిస్టర్‌ను అద్దంలో చూసినట్టు చూస్తున్నారని ఆమెకు అర్థమైంది. ఇంట్లో గోడకున్న అద్దం ముందు నిలబడి మొత్తం తిరగేసి సాధన చేసింది. ఎడమ చెయ్యి ఎత్తాలి. నుదురు, గుండె. ఆ తర్వాత ముందు కుడి భుజం, చివరికి ఎడమ భుజం. ఎదురుగా ఉన్నవాళ్లు అది చూసి చేస్తే సరిగ్గా వస్తుంది.

"సిస్టర్, జర నన్ను చెయ్యనిస్తరా?" అని అడిగింది. రెండు రోజుల్లో పిల్లలందరికీ వచ్చేసింది. తర్వాత ఎంతమంది హెడ్‌మిస్ట్రెస్‌లు మారినా ఆ పని ఆమె చేతిలోనే ఉండిపోయింది. మిగతా పిల్లలు ఊరికే చేతులు జోడిస్తే చాలు. అయినా పక్కవాళ్లను చూసి కొందరు నేర్చుకునేవాళ్లు. కూతుర్ని దింపడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగి జగదీశ్వర్ ఒకసారి గేటు దగ్గర నవ్వుతూ అన్నాడు: "ఆయమ్మా, మా అనూహ్య ఇంట్ల వినాయకుడికి గూడ గిట్లనే పెడుతుంది. మా అమ్మ పరేషాన్ అయితుంది." "సారూ, కుడి చేత్తోనేనా పెట్టేది?" అని అడిగింది రాజకుమారి. ఆమెకు తెలుసుకోవలసింది అదొక్కటే.

ఈ పనిలో ఆమె తనకు తాను ఒక నియమం పెట్టుకుంది. పిల్లల ముందు ఎడమ చెయ్యి. తన ప్రార్థనకు కుడి చెయ్యి. పాఠం అయ్యాక తనకోసం గుర్తు పెట్టుకోవాలంటే పిల్లల వైపు నుంచి పక్కకు తిరిగేది. తనలో తాను "ఇది చూపించుడు, అది మొక్కుడు. రెండు ఒక్కటి గాదు" అనుకునేది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ రెండూ కలపలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. గమనించాలని ఆమె అనుకోలేదు.

గత నవంబరులో ఆమె కుడి భుజం పట్టేసింది. మొదట నొప్పి, తర్వాత బిగుతు. క్రిస్మస్‌కు పశువుల పాక పేర్చేటప్పుడు గడ్డి మోపు ఎత్తలేకపోయింది. జనవరి వచ్చేసరికి చెయ్యి గుండె దాకా వచ్చి ఆగిపోయేది. నుదురు అందేది కాదు. హిమాయత్‌నగర్ బట్టల షాపులో పనిచేసే నవనీత రోజూ వెళ్లేముందు తల్లికి జడ వేసి, జాకెట్టు వేసుకోవడానికి సాయం చేసేది.

"దవాఖానకు పోదాం అమ్మా. సిస్టర్‌కు చెప్పు, ఒక్క రోజు సెలవియ్యదా?"

"చెప్తే సెలవు కాదే, పొమ్మంటరు."

ఆమె భయానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మోకాళ్లు పోయిన ఇంకో ఆయమ్మను వేసవి సెలవుల తర్వాత రమ్మనలేదు. శాలువా కప్పి పంపించారు. ఆ ఆయమ్మ చేసిన పనికి ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి వ్యానులో ఏజెన్సీవాళ్లు వస్తారు. రాజకుమారి వెళ్లిపోతే గదులు వాళ్లు ఊడుస్తారు, దానికేం ఇబ్బంది లేదు. పిల్లలకు ఎవరు నేర్పిస్తారు? ఈ ఏడాది పాస్కా పండుగ (ఈస్టర్) తర్వాతి ఆదివారం తొమ్మిది మంది పిల్లలు పూజలో ఇచ్చే అప్పం తొలిసారి అందుకుని మొదటి సత్ప్రసాదం తీసుకోబోతున్నారు. శనివారాల్లో వాళ్లకు జపాలు, మోకరించే తీరు, నాలుక చాచే తీరు నేర్పేది ఆమే. ఆ తొమ్మిది మంది అయ్యేదాకా, వీలైతే ఇంకో రెండేళ్లు, ఆ బడిలో ఉండాలి. ఆమె కోరిక ఇంతే.

అందుకని దాచింది. బడిలో దాచడం కష్టం కాలేదు. పిల్లల ముందు ఎప్పుడూ ఎడమ చెయ్యే కదా. నీళ్ల క్యాన్లు ఎడమ చేత్తో ఈడ్చింది. చీపురు కింది నుంచి పట్టింది. గుడిలో మాత్రం కుదరలేదు. కుడి చెయ్యి నుదుటికి చేరదు, తల వంచి చేతికి ఆనిస్తే పక్కవాళ్లు చూస్తారు. ఆమె మూడో వరసలోంచి వెనక స్తంభం పక్కకు మారింది. అక్కడ ఎడమ చేత్తో సిలువ గుర్తు పెట్టుకునేది. వరస మాత్రం తప్పలేదు. ముందు ఎడమ భుజం, తర్వాత కుడి భుజం, తన ప్రార్థనకు ఎప్పుడూ పెట్టినట్టే.

వెనక నిలబడి కానుకల సంచి పట్టే ఈదయ్య చూశాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు ప్రసంగంలో కునుకు తీశారో అంతా ఆయనకు తెలుసు.

"ఏం చెల్లె, ఎడమ చేత్తోని పెడుతున్నవ్? ఎక్కడన్న కొత్త పద్ధతి వచ్చిందా, మాకు తెల్వదా?"

"ఏం లేదన్నా."

"ఏం లేకుంటే కుడి చెయ్యి ఎక్కడ పోయింది? కిరాయికిచ్చినవా?"

ఆమె నవ్వి పక్కకు తప్పుకుంది. ఈదయ్య ఊరుకోలేదు. పాస్కాకు ముందొచ్చే తపస్సు కాలంలో గుడిలో ఇట్లాంటివి జరగడం మంచిది కాదని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ జ్యోత్స్నకు చెప్పాడు. సిస్టర్ ఆ గుడి బాధ్యత చూసే విచారణ గురువు ఫాదర్ ప్రేమ్‌సాగర్‌కు చెప్పింది.

ఫాదర్ ప్రేమ్‌సాగర్‌కు ముప్పై నాలుగేళ్లు. ఈ గుడికి వచ్చి ఏడాది కాలేదు. మంచివాడు, మాట బాగుంటుంది. రాజకుమారి ఎల్‌కేజీ పిల్లల ముందు ఎడమ చేత్తో నేర్పించడం ఒకసారి కిటికీలోంచి చూసి ఆశ్చర్యపోయాడు. ఈదయ్య ఫిర్యాదు వినగానే ఆయనకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. ఆమెను పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఆదివారం ప్రసంగంలో చెప్పేశాడు.

"మన మధ్య ఒక తల్లి ఉంది. ముప్పై ఏళ్లుగా పసిపిల్లల కోసం తన చేతిని తిప్పుకుంది. ఎంతగా అంటే, ఈరోజు ఆమె తన ప్రార్థనలో కూడా ఏది కుడి, ఏది ఎడమ అన్నది మరచిపోయింది. ఇతరుల కోసం తనను తాను మరచిపోవడమంటే ఇదే."

గుడిలో అందరూ స్తంభం వైపు తిరిగారు. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రాజకుమారి తల వంచుకుని కూర్చుంది. పూజ అయ్యాక మెట్ల దగ్గర ఈదయ్య రెండు చేతులూ జోడించాడు.

"నేను తప్పనుకున్న చెల్లె. మాఫ్ చెయ్యి. ఇంత పెద్ద సంగతని నాకేం ఎరుక?"

ఆమె "సరే అన్నా" అని వచ్చేసింది.

ఇంట్లో నవనీతకు సంతోషమైంది. "మంచిగనే అయింది గదనే. ఇప్పుడు నువ్వు ఏ చేత్తో పెట్టినా ఎవ్వరు అడగరు. ఫాదరే దారి చూపించిండు."

"నేను మరిచిపోయిన్నని చెప్పిండు."

"పొగిడిండు అమ్మా!"

"పొగిడిండో ఏం చేసిండో. ముప్పై ఒక్క ఏండ్లు కలపకుంట చేసిన నేను. ఒక్క దినం కలపలే. కలిపిన్నని గుడి మొత్తం చెప్పిండు."

నవనీత దువ్వెన పక్కన పెట్టి తల్లి మొహంలోకి చూసింది. "ఊకోరాదు. నౌకరి ఉంటది. గది చాలదా?"

రాజకుమారి కూడా నిజానికి చాలుననే అనుకుంది. ఆ వారమంతా అలాగే గడిపింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఎండ వల్ల పిల్లలు మధ్యాహ్నానికే సోలిపోయేవాళ్లు, ఆమె వాళ్లకంటే ముందే సోలిపోయేది. భుజం నొప్పి మెడకు పాకింది. ఎదురుపడిన ప్రతివాళ్లూ చేతులు జోడిస్తుంటే తలుపు చాటుకు వెళ్లాలనిపించేది.

శనివారం మొదటి సత్ప్రసాదం పిల్లలు వచ్చారు. తొమ్మిది మందిని వరసగా నిలబెట్టి, ఎదురుగా నిలబడి "పెట్టుండ్రి" అంది. ఏడు కుడి చేతులు లేచాయి. రెండు ఎడమ చేతులు లేచాయి. పెద్ద మగపిల్లలవి. ఎల్‌కేజీలో నేర్పించినవాళ్లే.

"ఏందిరా అది?"

"నీ లెక్క పెడుతున్నం ఆయమ్మా" అన్నాడు ఒకడు. "ఫాదర్ చెప్పిండు గద."

వరసలో చివర నిలబడ్డ మహితకు తొమ్మిదేళ్లు. తండ్రి అడిక్‌మెట్‌లో ఆటో నడుపుతాడు. ఏదైనా తేల్చుకోకుండా వదలని పిల్ల. "నువ్వు మరిచిపోతే పుణ్యమా? మేము మరిచిపోతే తప్పా? నాకు సమజ్ కాలే ఆయమ్మా."

రాజకుమారి ఆ రెండు చేతులూ దించింది. మహిత అడిగినదాంట్లో తప్పేమీ లేదు. తాను కడుపులో దాచుకున్నది తన సంగతి ఒక్కటే అనుకుంది. అది ఇప్పుడు పిల్లల చేతుల్లోకి వచ్చింది. ఆ రోజు పాఠం తొందరగా ముగించింది. తొమ్మిది మందినీ ఇంటికి పంపి గుడి ఆఫీసు గదికి వెళ్లింది. అక్కడ ఫాదర్ ప్రేమ్‌సాగర్, సిస్టర్ జ్యోత్స్న మొదటి సత్ప్రసాదం పిల్లల జ్ఞానస్నాన పత్రాలు చూసుకుంటున్నారు.

"రండి రాజకుమారమ్మా, కూర్చోండి" అన్నాడు ఫాదర్.

ఆమె కూర్చోలేదు. "ఫాదర్, మీరు గుడిల చెప్పింది తప్పు."

సిస్టర్ తలెత్తింది. ఫాదర్ నవ్వబోయి ఆగాడు. "ఏది తప్పు?"

"నేను మరిచిపోయిన్నని చెప్పిన్రు. నేను మరిచిపోలే. మీరే చూడుండ్రి. పిల్లలకు చూపించేటప్పుడు ఇట్ల చేస్త." ఎడమ చెయ్యి ఎత్తింది. నుదురు, గుండె, కుడి భుజం, ఎడమ భుజం. "చెయ్యి తిరగేసిన, భుజాలు గూడ తిరగేసిన. గుడిల స్తంభం పక్కన నేను పెట్టుకునేది ఇట్ల." మళ్లీ ఎడమ చెయ్యి. నుదురు, గుండె. ఈసారి ముందు ఎడమ భుజం, తర్వాత కుడి. "నేను కలిపి ఉంటే కుడి భుజం ముందుగాల ముట్టుకుందును. ఈదయ్యన్న చెయ్యి ఒక్కటే చూసిండు. భుజాలు చూడలే."

ఫాదర్ తన చేతిని కొంచెం ఎత్తి, మనసులో వరస సరిచూసుకుని దించాడు. "మరి గుడిలో ఎడమ చెయ్యి ఎందుకమ్మా?"

ఇక్కడ ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇంకా వెనక్కి వెళ్లిపోవచ్చు. తర్వాత కుడి చెయ్యి ఎత్తింది. అది గుండె దాకా వచ్చి ఆగింది. ఇంకా ఎత్తబోతే భుజమంతా కదిలింది గాని చెయ్యి కదలలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇంతే వస్తది."

సిస్టర్ జ్యోత్స్న లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఎప్పటి నుంచి?"

"నవంబర్ నుంచి."

"ఐదు నెలలా? నీళ్ల క్యాన్లు ఎవరు మోశారు?"

"నేనే. ఎడమ చేత్తోని గుంజిన."

"నాతో ఎందుకు చెప్పలేదు రాజకుమారీ?"

"చెప్తే పంపిస్తరు గద సిస్టర్."

సిస్టర్ కాదనలేదు. ఆమెది గుంటూరు వైపు, మాట నెమ్మది. "రేపటి నుంచి నువ్వు చీపురు పట్టొద్దు. పొద్దుటి పనికీ గుడి పనికీ ఏజెన్సీవాళ్లకే చెబుతాను. సోమవారం ఆస్పత్రికి వెళ్లు. వేసవి సెలవులకు బడి మూసేదాకా ఎల్‌కేజీ గదిలో కూర్చో. పాస్కా తర్వాత మన తొమ్మిది మంది అయిపోయేదాకా శనివారాలు నీవే. జూన్ సంగతి నేను మాట ఇవ్వలేను. అది పైవాళ్లు నిర్ణయిస్తారు. శాలువా తెచ్చే పరిస్థితి రాకుండా చూస్తాను. అంతవరకే చెప్పగలను."

"సరే సిస్టర్."

ఆమె భయపడ్డదీ కోరుకున్నదీ చెరి సగం జరిగాయి. ఏడుపు రాలేదు. అలసట ఒక్కటే ఉంది. ఐదు నెలలు దాచిన బరువు దిగితే హాయిగా ఉంటుందనుకుంది. అలా ఏం లేదు.

ఫాదర్ ప్రేమ్‌సాగర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నన్ను క్షమించండి. అడగకుండా మాట్లాడాను. ఇది మన ముగ్గురి మధ్యే ఉంచుదాం. మీ భుజం సంగతి ఎవరికీ తెలియనవసరం లేదు."

"అట్ల వద్దు ఫాదర్. మీరు చెప్పింది గుడిల. గుడిలనే సరిచెయ్యుండ్రి."

"అలా చెబితే అందరికీ తెలిసిపోతుంది. మీ ఉద్యోగం గురించి కూడా మాట్లాడుకుంటారు."

"మాట్లాడనియ్యండి. పోరగాండ్లు ఎడమ చెయ్యి ఎత్తుతున్నరు ఫాదర్. ఆయమ్మ లెక్క అంటున్నరు. నేను భుజం పోయినదాన్ని అంటే నాకేం నామోషీ లేదు. పని రానిదాన్ని అంటే ఊకోను."

మరునాడు పూజకు ముందే పిల్లలు ఆమెను చుట్టుముట్టారు. ఎవరో అప్పటికే చెప్పేసినట్టున్నారు. మహిత ముందుకొచ్చింది.

"ఆయమ్మా, నీ చెయ్యి నిజంగ లేస్తలేదా? నేను పట్టి లేపనా?"

"అమ్మో, వద్దు బిడ్డా! ముట్టుకోకు. పాణం పోతది."

పిల్లలు నవ్వారు. ఆమెకూ కొంచెం నవ్వొచ్చింది. "మీ చేతులు బాగున్నయి గద. బాగున్నోళ్లు కుడి చేత్తోని పెట్టాలె. సమజ్ అయిందా?" అంది. ఎడమ చెయ్యి ఎత్తిన ఇద్దరూ కుడి చేతులు చూపించారు.

ఫాదర్ ఆ సంగతి ప్రసంగంలో ఎత్తలేదు. చివరి ప్రకటనల దాకా ఆగాడు. శుక్రవారం సిలువ మార్గం ఎన్నింటికో, మట్టల ఆదివారానికి మట్టలు ఎవరు తెస్తారో చదివాడు. జనం అప్పటికే లేస్తున్నారు. వెనక వరసలవాళ్లు చెప్పుల కోసం బయటికి నడుస్తున్నారు. ఒక పసివాడు ఏడుస్తున్నాడు. మైకు కీచుమంది.

"పోయిన ఆదివారం నేను ఒక తప్పు చెప్పాను. మన రాజకుమారమ్మ ఏ చెయ్యో మరచిపోలేదు. ఆమె కుడి భుజానికి జబ్బు చేసింది, అందుకే ఎడమ చెయ్యి వాడుతోంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె నేర్పించడంలో ఒక్క పొరపాటూ జరగలేదు. పొరపాటు నాది." అని కాగితం మడిచాడు. పాట మొదలైంది.

కానుకల సంచి మడుస్తూ వచ్చిన ఈదయ్య ఆమె పక్కన ఆగాడు. "మైకుల సరిగ వినిపియ్యలే. ఏమన్నడు చెల్లె ఫాదర్?"

"నాకు భుజం నొప్పని చెప్పిండు."

"అయ్యో, గట్లనా. దవాఖానకు పోయినవా?"

"రేపు పోతున్న."

"పో, పో. అశ్రద్ధ చెయ్యకు" అని ఆయన వెళ్లిపోయాడు. గుడి ఖాళీ అయింది. నేల మీద పిల్లలు చల్లిన బిస్కెట్ పొడి, ఒక రిబ్బను, మట్టి అడుగులు. పూజ తర్వాత గుడి ఊడవడం ప్రతి ఆదివారం ఆమె పని. తలుపు దగ్గర అప్పుడే వచ్చిన ఏజెన్సీ మనిషి పొడవాటి కర్రకు గుడ్డ బిగిస్తున్నాడు.

సెలవు పెట్టి వచ్చిన నవనీత తల్లి దగ్గరికి వచ్చింది. "నడువమ్మా, ఎండ ముదరకముందే ఇంటికి పోదాం."

రాజకుమారి బల్ల మీది నుంచి లేవలేదు. "జర సేపు కూసోనియ్యే. పని లేదు గద ఇయ్యాల."